సగం పాఠం మోసిన నీళ్ల తిత్తి

నేను ఒక నీళ్ల తిత్తిని. మేకతోలుతో కుట్టిన, ఒళ్లంతా అతుకులు పడిన ముసలి తిత్తిని. ప్రస్తుతం కూఫా పట్నంలో చెప్పులు కుట్టే ఒకాయన కొట్టు వెనకాల పాత తోళ్ల కుప్ప మీద వెల్లకిలా పడి ఉన్నాను. నా కింద ఒక ఒంటె జీను ఉంది. దానికి యుద్ధాల కబుర్లు తప్ప మరేమీ రావు. నా పైన ఎవరిదో తెగిపోయిన చెప్పు ఉంది. దానికి అసలు ఏ కబురూ రాదు. కాబట్టి మీకు నేనే గతి.

నేను పుట్టింది అరబ్బుల నజ్ద్ ఎడారిలో, బనూ ఉరైఫ్ అనే చిన్న గుంపు గుడారాల మధ్య. నన్ను చేసింది ఉనైసా అనే ఆమె. తోలును తుమ్మకాయల నీళ్లలో నానబెట్టి, రాతితో గీకి, నరంతో కుట్టి, లోపల ఖర్జూరపు పాకం పూసి, ఊది చూసి, "ఇది నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది" అంది. అంతకుముందు నేను ఒక మేకను. ఆ మేక ఎవరు కాదన్నా వినకుండా ఉనైసా పిండి గిన్నెలో తల దూర్చేదట. నేను తిత్తినయ్యాక కూడా ఆమె అప్పుడప్పుడు నన్ను పాతకోపంతో ఒక చరుపు చరిచేది.

ఉనైసా భర్త మిర్దాస్. పొడుగాటి మనిషి, మంచి గొంతు, మంచి మనసు. ఒక్కటే లోపం, ఏ పనైనా మొదలుపెట్టాడంటే దానికంటే ముందు పరిగెత్తేవాడు. విన్నది విన్నట్టే నెత్తిన పెట్టుకునేవాడు.

ఆ రోజుల్లో మా గుంపు దేవుళ్ల సంగతి చెప్తే నవ్వుతారు. ఎక్కడ మజిలీ చేసినా మిర్దాస్ వెళ్లి నాలుగు రాళ్లు ఏరుకొచ్చేవాడు. వాటిలో అందంగా ఉన్నదాన్ని దేవుడిగా నిలబెట్టేవాడు, మిగతా మూడూ పొయ్యికి వాడుకునేవారు. మజిలీ ఎత్తేసేటప్పుడు నాలుగింటినీ అక్కడే వదిలేసి బయల్దేరేవారు. ఒకసారి ఉనైసాకు పొయ్యిరాయి పగిలితే, ఎవరూ చూడకుండా దేవుణ్ణి తెచ్చి కుండ కింద పెట్టింది. అంబలి ఎప్పటిలాగే ఉడికింది. ఆ రోజు నుంచి ఆమెకు రాళ్ల మీద నమ్మకం పోయింది కానీ, ఆ మాట పైకి అనలేదు.

ఇలా ఉండగా వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. జుమానా అని పేరు పెట్టారు. ముత్యం అని అర్థం. అది గడ్డి లేని ఏడు. అలాంటి ఏడు ఆడపిల్ల పుడితే కొన్ని గుంపుల్లో ఏం చేసేవారో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఇసుకలో గొయ్యి తీసేవారు, అంతే చెప్తాను. మా గుంపు పెద్దలు మిర్దాస్ గుడారం ముందు కూర్చుని నేలకేసి చూస్తూ, "ఈ ఏడు మేతే లేదు కదా" అని ఒకరితో ఒకరు అనుకున్నారు. అతనికి వినబడేలాగే అనుకున్నారు. ఉనైసా పిల్లను రొమ్ముకు అదుముకుని గుడారంలో మూల కూర్చుంది, నన్ను అడ్డం పెట్టుకుంది. తిత్తి ఏం అడ్డుపడుతుంది చెప్పండి!

అదే వారం ఒక ఉప్పు వర్తకుడు మా దగ్గర ఆగి నీళ్లు తాగుతూ ఒక వార్త చెప్పాడు. యస్రిబ్ ఊళ్లో దేవుడు ఒక్కడే అని చెబుతున్నారట. పాతిపెట్టిన ఆడపిల్లకు కూడా ఆ దేవుడి ముందు నోరు తెరిచి మాట్లాడే రోజొకటి వస్తుందట. ఏ తప్పుకు తనను చంపారో అడుగుతారట. అది విన్న మిర్దాస్ తెల్లారేసరికి ఆడ ఒంటెను సిద్ధం చేసుకుని పెద్దల దగ్గరికి వెళ్లాడు.

"నేను యస్రిబ్ వెళ్లి ఆ మాట నిజమో కాదో కనుక్కొస్తా. నేనొచ్చేదాకా నా బిడ్డ జోలికెవరూ రావద్దు."

పెద్దలు సరేనన్నారు. ఉనైసా నన్ను నింపి ఒంటె పక్కన కట్టింది. "తొందరగా రా, కానీ పూర్తిగా విని రా" అని మొగుడికి చెప్పింది. అతను మొదటి సగమే చెవిన వేసుకున్నాడు.

యస్రిబ్‌ను అప్పటికే అందరూ మదీనా అంటున్నారు. అక్కడి మసీదు చూసి నాకు ముచ్చటేసింది. ఖర్జూరపు మాన్ల స్తంభాలు, మట్టల కప్పు, మట్టి నేల. మా గుడారం కంటే కాస్త పెద్దది, అంతే. వేళకు ఒక మనిషి గొంతెత్తి పిలిస్తే జనం వచ్చి వరసగా నిలబడేవారు. తెగ నాయకుడి పక్కన నిన్నటి బానిస, అతని పక్కన ఒంటెల కాపరి. ఎవరి భుజం ఎవరికి తగులుతోందో చూసుకోకుండా నిలబడేవారు. తన తాత ఎవరి తాతను చంపాడో గుర్తుపెట్టుకుని బతికే జనాన్ని చూస్తూ పెరిగినదాన్ని. నాకిది వింతగా తోచింది. నన్ను ఒక స్తంభానికి తగిలించారు. వచ్చిన ప్రతివాడూ అడక్కుండానే నాలోంచి తాగాడు, అడక్కుండానే మళ్లీ నింపాడు.

ఆ ఒక్క దేవుడి మాట చెబుతున్న ప్రవక్త గురించి నేనేమీ వర్ణించను. నీళ్ల తిత్తికి అంత నోరు లేదు. కానీ కొత్తగా వచ్చిన ఎడారివాళ్లకు పాఠం చెప్పే అర్‌ఫజా అనే ఆయన ఉండేవాడు. లావుపాటి మనిషి, నిదానస్తుడు. ఆయన చెప్పిందంతా స్తంభం మీంచి విన్నాను. మక్కాలో తల్లీతండ్రీ లేకుండా పెరిగి, నమ్మకస్తుడని పేరు తెచ్చుకున్న ఒక వర్తకుడికి కొండగుహలో దేవుని మాట వినిపించిందని, ఆయనే ఈ ప్రవక్త అని, ఆ మాటను మొట్టమొదట నమ్మింది ఆయన భార్యేనని చెప్పాడు. ఇక్కడ ఉనైసా ఉంటే మొగుడి వైపు ఒక చూపు చూసి ఉండేది. తర్వాత బీదలు, బానిసలు, కుర్రకారు నమ్మారట. విగ్రహాల మీద వ్యాపారం నడుస్తున్న మక్కా పెద్దలకు కోపమొచ్చి వాళ్లను ఎండలో పడేసి కొట్టారట. చివరికి ఊరొదిలి ఈ యస్రిబ్‌కు వస్తే, ఇక్కడివాళ్లు ఇళ్లూ తోటలూ పంచి ఇచ్చి అన్నదమ్ములయ్యారట. ఏళ్ల తర్వాత మక్కా మళ్లీ చేతికొచ్చినా, కొట్టినవాళ్లను తిరిగి కొట్టకుండా వదిలేశారట. ఈ చివరి మాట దగ్గర మిర్దాస్ నోరు వెళ్లబెట్టాడు. మా ఎడారిలో అలాంటిది జరగలేదు.

ఇక నేర్చుకోవలసినవి. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదు, రాయి అంతకన్నా కాదు. రోజుకు ఐదు వేళల నమాజు, ఏడాదికొక నెల ఉపవాసం, ఉన్నదాంట్లో లేనివాడికి భాగం, చేతనైతే జీవితంలో ఒకసారి మక్కా యాత్ర. అనాథ సొమ్ము ముట్టకూడదు, కూతురికీ వాటా ఉంది. మిర్దాస్ ప్రతిదానికీ తల ఊపాడు. బిడ్డ సంగతి అడిగి తెలుసుకుని, ఆ ఉప్పు వర్తకుడు చెప్పింది నిజమేనని తెలిసి, స్తంభం చాటుకొచ్చి నన్ను కావలించుకుని ఏడ్చాడు.

ఆ మర్నాడు శుభ్రత పాఠం. నమాజుకు ముందు చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా కడగాలి, తల మీద తడిచేయి, ఆఖరున పాదాలు. దాన్ని వుజూ అంటారు. అర్‌ఫజా స్వయంగా చేసి చూపించి, మెల్లగా అన్నాడు: "నీళ్లతో ఇలా శుభ్రపడకుండా నమాజు లేదు. అయితే..."

సరిగ్గా అప్పుడే బయటి నుంచి కేక వినిపించింది. ఎవరిదో ఆడ ఒంటె తాడు తెంపుకుని ఖర్జూరపు తోటలో పడి లేత మొక్కలు మేస్తోందట! ఎడారి మనిషికి ఒంటె తప్పిపోయిందంటే ఇక కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. మిర్దాస్ నన్ను స్తంభం మీంచి లాక్కుని పరుగందుకున్నాడు. తీరా చూస్తే అది మా ఒంటే, పట్టుకున్నాడు. తోటవాడు నాలుగు చీవాట్లు పెట్టాడు. సిగ్గుతో మసీదులోకి మళ్లీ వెళ్లలేక, ఇంటి మీద గాలి మళ్లి, నాకు తెలిసింది చాలులే అనుకుని అటునుంచి అటే మా గుడారాల దారి పట్టాడు. అర్‌ఫజా "అయితే" అన్న తర్వాత ఏమన్నాడో మేమిద్దరమూ వినలేదు.

గుడారాలకు చేరగానే మిర్దాస్ పెద్దల ముందు నిలబడి, "నా బిడ్డ బతుకుతుంది. దాన్నిచ్చినవాడు దాని లెక్క నన్నడుగుతాడు, మిమ్మల్నీ అడుగుతాడు" అన్నాడు. ఎప్పుడూ లేని గొంతుతో అన్నాడు. పెద్దలు లేచి ఎవరి గుడారాలకు వాళ్లు వెళ్లారు. ఉనైసా గుడారం మూలలోంచి లేచి పిల్లను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. నా లోపల నీళ్లు లేవు గానీ ఉంటే అవి పొంగేవి. ఆ తర్వాత మా గుంపంతా నెమ్మదిగా అతని వెనకే నమాజుకు నిలబడింది. నాలుగు రాళ్లలో నాలుగూ పొయ్యి పాలయ్యాయి.

గురువుగారయ్యాక మిర్దాస్‌కు పట్టపగ్గాల్లేవు. వుజూ విషయంలో మరీను. ముక్కులోకి నీళ్లు సరిగా ఎక్కించలేదని పెద్దవాళ్లనూ వదల్లేదు. బావి నిండుగా ఉన్నన్నాళ్లు అందరూ సరదాగానే చేశారు. ఎడారివాళ్లు అంత శుభ్రంగా ఉండడం ఒంటెలకు కూడా వింతగానే ఉండేది. వేసవి ముదిరి బావి అడుగంటాక సణుగుడు మొదలైంది. "దాహమేసి తాగితే చెంబెడు, నమాజుకు కడవెడు" అని ముసలమ్మలు గొణిగారు. మిర్దాస్ ఒప్పుకోలేదు. నీళ్లు లేనిదే నమాజు లేదన్నదే అతనికి తెలిసిన పాఠం.

చివరికి గుంపు దూరపు బావికి బయల్దేరింది. సరిగ్గా అప్పుడే జుమానాకు జ్వరం వచ్చింది. పిల్లకు నెమ్మదించాక వస్తామని మిర్దాస్, ఉనైసా వెనకబడ్డారు. జ్వరం తగ్గాక ఒక ఒంటె, నేను, వాళ్లు ముగ్గురు బయల్దేరాం. దారి మధ్యలో ఒక చిన్న బావి ఉందన్న ధైర్యంతో మిర్దాస్ వేళ తప్పకుండా వుజూ చేశాడు, భార్య చేత చేయించాడు. తీరా చేరేసరికి ఆ బావి ఇసుకతో పూడిపోయి ఉంది. మిర్దాస్ చేతులతో తవ్వాడు, గోళ్లు చిట్లాయి, అడుగున తడి కూడా తగల్లేదు. ఒంటె పాలూ, ఉనైసా పాలూ ఎప్పుడో ఇంకిపోయాయి. ఇక ఆ ముగ్గురికీ ఉన్నది నాలో మిగిలిన నాలుగు గుక్కలు. నా పొట్ట అంత తేలిగ్గా ఉండడం నాకెప్పుడూ ఇష్టం ఉండదు. ఆ రోజు భయమేసింది.

ఉన్న ఒక్క ముళ్లతుమ్మ నీడలో పిల్లను పడుకోబెట్టారు. పొద్దు వాలుతోంది. మిర్దాస్ లేచి నా మెడ తాడు మీద చేయి వేశాడు.

"ఆ తాడు ముట్టుకోకు" అంది ఉనైసా.

"వేళ దాటిపోతోందే."

"పిల్ల పెదాలు చూశావా? ఏడుస్తోంది, కళ్లల్లో నీళ్లే రావట్లేదు. ఈ నీళ్లు దానివి."

"మరి నమాజు? నేను నేర్చుకున్నదాంట్లో ఇంకో దారి లేదు."

"నువ్వు నేర్చుకున్నదెంతయ్యా! దీన్ని గొయ్యిలో పెట్టొద్దని చెప్పిన దేవుడు, దీని గొంతు ఎండబెట్టి నీ కాళ్లు కడుక్కోమంటాడా?"

మిర్దాస్ మొండివాడు కాదు, భయపడుతున్నాడు. ఏ మాట తన కూతుర్ని బతికించిందో ఆ మాట తప్పితే ఆ కూతురే దక్కదేమోనని అతని భయం. తాడు విప్పి, అరచేతిలోకి నీళ్లు వంపాడు. ఆ చప్పుడుకు జుమానా తల తిప్పింది. నోరు తెరిచింది.

అంతే. అతని చేయి ముఖం దాకా వెళ్లలేదు. పిల్ల నోటి దగ్గరికి వెళ్లింది. చుక్క కింద పడకుండా తాగించాడు, నాలో ఉన్న మిగతాది కూడా దానికే వంపాడు. మధ్యలో ఉనైసాకు ఒక్క గుటక ఇవ్వబోతే ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత అతను దూరంగా వెళ్లి మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఈ బిడ్డనిచ్చింది నువ్వే" అని ఆకాశంతో అన్నాడు. "నీ ముందు నిలబడడానికి ఉంచిన నీళ్లు దీనికి పోసేశాను. ఇక నీకు ముఖం చూపించలేను. శిక్ష వేస్తే నాకెయ్యి. దాన్ని మాత్రం ఏమీ చెయ్యకు."

ఆ మాట అన్నవాడి బాధ ఎంతో నాకు తెలుసు. ఇన్నేళ్లు ఇంతమంది చేతుల్లో తిరిగాను, తను దేవుణ్ణి పోగొట్టుకున్నానని నమ్మి ఏడ్చిన మనిషిని మళ్లీ చూడలేదు. నేనేమో ఖాళీ పొట్టతో పిల్ల పక్కన పడి ఉన్నాను.

కాసేపటికి దూరపు బావి వైపు నుంచి ఒక ఒంటె తాపీగా నడుచుకుంటూ వచ్చింది. దాని మీద లావుపాటి మనిషి, జీనుకు అటొకటి ఇటొకటి నిండు తిత్తులు. అర్‌ఫజా! నజ్ద్ గుంపులకు పాఠం చెప్పడానికి ఆయన్ని మదీనా నుంచి పంపారు. దూరపు బావి దగ్గర మావాళ్లను కలిశాక, వీళ్లు వెనకబడ్డారని విని ఎదురొచ్చాడు. దిగీ దిగగానే ఎవరితోనూ మాట్లాడకుండా ముందు పిల్లకు, తర్వాత ఉనైసాకు నీళ్లు పట్టాడు. మిర్దాస్ తాగనన్నాడు. తను చేసింది చెప్పి, తనకిక నమాజు వరసలో చోటు లేదన్నాడు.

అర్‌ఫజా అతని ముందు చతికిలబడ్డాడు. "మీవాళ్లు బావిగట్టున కాళ్ల మీద నీళ్లు పోసుకోవడానికి కొట్టుకుంటుంటే అప్పుడే అనుమానమొచ్చింది తమ్ముడూ. ఆ రోజు నేను ఆఖరున ఏం చెప్పాను?"

"నీళ్లతో శుభ్రపడకుండా నమాజు లేదన్నావు అన్నా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నా ఒంటె తప్పిపోయింది."

అర్‌ఫజా పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆయన కళ్లు చెమర్చాయి. "నీ ఒంటె తినేసింది మొక్కల్ని కాదురా, నా పాఠాన్ని! అయితే, నీళ్లు దొరక్కపోయినా, ఒంట్లో బాగాలేకపోయినా, ఉన్న నీళ్లు తాగడానికే సరిపోయేలా ఉన్నా, శుభ్రమైన మట్టి చాలు. అదీ నేను చెప్పబోయింది. నువ్వు పిల్లకు పోసింది పాపం కాదు, పొయ్యకపోతే అది పాపం. దేవుడు నిన్ను కష్టపెట్టడానికి ఇదంతా చెప్పలేదు తమ్ముడూ."

తను తెచ్చిన నీళ్లు దారిలో తాగడానికే కావాలంటూ ఆయన రెండు అరచేతులూ నేలకు తాటించి, దుమ్ము ఊది, ముఖం మీద, చేతుల మీద రాసుకుని చూపించాడు. మిర్దాస్ ఆయన పక్కకు జరిగాడు. తర్వాత చిట్లిన గోళ్లున్న చేతులు మెల్లగా నేలకు ఆనించి ముఖం తుడుచుకున్నాడు. అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారి కట్టలు తెంచుకుంది. కన్నీళ్లు దుమ్ములో చారలు కట్టాయి.

"అన్నా, ఏడిస్తే ఇది చెడిపోతుందా?" అని కంగారుగా అడిగాడు.

"చెడిపోదు, కానివ్వు."

"ఇంత చిన్న ముక్క వినకుండా వచ్చి వేసవంతా నా చేత ముక్కు కడిగించాడు!" అంది ఉనైసా. పిల్లను ఎత్తుకుని వచ్చి అతని వెనక నమాజుకు నిలబడింది. ఆమె కూడా ఏడుస్తోంది, నవ్వుతోంది.

మామూలుగా నాలాంటి తిత్తి నాలుగైదేళ్లు బతికితే గొప్ప. ఉనైసా అతుకు మీద అతుకు వేసి నన్ను బతికించుకుంది. ప్రవక్త ఈ లోకం విడిచి వెళ్లిపోయిన తర్వాత గొడవలు చూశాను, యుద్ధాలు చూశాను, ఆ విశ్వాసం ఇరాక్, సిరియా, ఈజిప్టుల దాకా వెళ్లడం చూశాను. అందులో దేవుడి కోసం వచ్చినవాళ్లున్నారు, భూమి కోసం వచ్చినవాళ్లున్నారు. అందరూ తాగింది నీళ్లే, కాబట్టి తేడా నాకు తెలియలేదు. ఓడల మీద పోయే తిత్తులు సముద్రం అవతల మిరియాల దేశంలో కూడా నమాజు వినిపిస్తోందని చెప్పుకునేవి. మా కుటుంబం మాత్రం కూఫా వచ్చి యూఫ్రటీస్ నది ఒడ్డున స్థిరపడింది. ఉనైసా ఇక్కడే కన్నుమూసింది. నేను ఆమెకంటే ఎక్కువ కాలమే బతికాను, కానీ అందులో నా గొప్పేమీ లేదు. జుమానాకు పెళ్లయి, పిల్లలు పుట్టి, వాళ్లలో ఒకడికి తాత మీసం కూడా వచ్చింది.

ముసలి మిర్దాస్ రోజూ నన్ను భుజాన వేసుకుని నదికి వెళ్లేవాడు. కళ్లెదుట అంత నది పారుతుంటే, దోసెడు నీళ్లతోనే వుజూ కానిచ్చేవాడు. కొత్తగా ఈ మతంలోకి వచ్చిన ఒక పారసీక రైతు అది చూసి ఉండబట్టలేక అడిగాడు.

"ఏం తాతా, నది ఎండిపోతుందా? ఇంకాస్త పోసుకోరాదూ!"

మిర్దాస్ నన్ను అంచుల దాకా నింపి, మెడ బిగించి కట్టి, దారి పక్కన ఎవరికైనా అందేంత ఎత్తులో చెట్టుకొమ్మకు తగిలించాడు.

"వెనకాల ఎవరో పిల్లనెత్తుకుని వస్తుంటారు నాయనా" అన్నాడు.